మున్నీకి ఇరవై వరకే వచ్చు

నేను అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే: నా బిడ్డ మున్నీ జనంలో తప్పిపోతుందని. జ్వరానికి కూడా ఇంత భయపడను. జ్వరానికి మందుంది. తప్పిపోయిన పిల్లకు మందేముంటుంది?

మాది యాకుత్‌పురా, రైల్వే స్టేషన్ వెనక గల్లీ. మున్నీకి నాలుగేళ్ళు. దాన్ని రద్దీలోకి తీసుకుపోవాల్సి వస్తే నేను రెండు పనులు తప్పకుండా చేస్తాను. గడప దగ్గర నిలబెట్టి, ఆ రోజు వేసిన బట్టల్లో ఒక ఫోటో తీస్తాను. ఏ రంగు గౌను అని ఎవరైనా అడిగితే ఆ సమయానికి నాకు నోరు పెగలదు, నా సంగతి నాకు తెలుసు. తర్వాత దాని ఎడమ ముంజేతి మీద బాల్‌పెన్నుతో నా ఫోను నంబరు రాస్తాను. పది అంకెలూ దాని చేతి మీద పట్టవు, ఎప్పుడూ రెండు వరుసలవుతాయి.

మా ఆయన ప్రేమ్‌రాజ్ నీళ్ళ బోర్డులో లైన్ పని చేస్తాడు. చూసినప్పుడల్లా నవ్వుతాడు. "పార్సిల్ పంపుతున్నవా ఏంది?" అంటాడు. పద్మజక్క అయితే, "పిల్ల ఓటేసొచ్చినట్టున్నది" అంటుంది. అనుకోనీ. నవ్వేవాళ్ళకు పిల్ల తప్పిపోదు కదా.

పద్మజక్క, నేను మగ్గం పని చేస్తాం. జాకెట్ల మీద జరీ, పూసలు, కుందన్లు కుట్టడం. అక్కది ఎదురిల్లు. వాళ్ళ మామ విఠల్‌రావుగారు గుడిలో అర్చకుడు. మా కంటే చిన్నది తన్మయి, డిగ్రీ చదువుతోంది, పక్క గల్లీ. "మీరు కుడుతరు, దుకాణమోడు పేరు పెట్టుకుంటడు. మనమే వీడియోలు తీసి పెడ్దాం, ఆర్డర్లు మనకే వస్తయి" అని మొదలుపెట్టింది తనే. అక్క వేసుకుని నడవాలి, నేను తీయాలి, తన్మయి చెప్పాలి. ఇదీ ఏర్పాటు. తొమ్మిదో తరగతి సగంలో మానేసిన దాన్ని, తీసే పని నాకెందుకిచ్చారంటే, మగ్గం మీద కూర్చుని కూర్చుని నా చెయ్యి వణకదు. పైగా ముగ్గురి ఫోన్లలో నాదే కొత్తది.

ఆ శనివారం పదింటికి గుల్జార్ హౌజ్ దగ్గరికి వెళ్ళాం. మున్నీని అత్త దగ్గర వదులుదామంటే ఆమె చర్చి పని మీద పోయింది. తీసుకెళ్ళక తప్పలేదు. పచ్చ గౌను, ఎర్ర రబ్బరు బ్యాండు. ఫోటో తీశాను. నంబరు రాశాను.

అనుకున్నది ఒక్కటే ముక్క. నలభై సెకన్లు. అక్క కొత్త జాకెట్ వేసుకుని, గుల్జార్ హౌజ్ నుంచి మచిలీ కమాను వైపు నడిచి రావాలి. నేను ఆమె ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ తీయాలి. జాకెట్ చేతుల మీద దానిమ్మ తీగ కుట్టాం, పదకొండు రోజుల పని. అది కనబడాలి. ఎక్కడా కట్ కావద్దు.

ఒక చిక్కుంది. అక్క మొహం రాకూడదు. ఫోనులో పైన గీత ఆమె గడ్డం కింద ఆగాలి.

"మెడ కాడికి కోస్తే మినార్లు గూడ పోతయి అక్కా," అని తన్మయి గింజుకుంది. "చార్మినార్ కాడికొచ్చి చార్మినార్ లేకుంటే ఎట్ల?"

"పోతే పోనీ. మినార్లకు మామ లేడు, నాకున్నడు," అంది అక్క.

మొదటిసారి తీస్తుంటే పదో సెకనులో ఒక ఆటో మా మధ్యలోంచి పోయింది. రెండోసారి ఒక బండి మీద ఇద్దరు ఆగి, "హీరోయిన్ మొహమేది భాయ్? ఇంకా రాలేదా?" అని ఫోనులోకి తొంగిచూశారు. మూడోసారి అక్కే నవ్వింది. నాలుగోసారి ముత్యాల దుకాణం ఆయన బయటికొచ్చి, "అరే అమ్మా, దుకాన్ కే సామ్నే షూటింగ్ నక్కో! గిరాకీ ఆగుతుంది," అని చేతులూపాడు. ఆ చేతులు నలభై సెకన్లలో పన్నెండు సెకన్లు వచ్చాయి. ఎండ ఎక్కుతోంది. మున్నీ నా చున్నీ కొస పట్టుకుని ప్రతిసారీ కాళ్ళకు అడ్డం పడుతోంది.

"అమ్మా, ఇంటికి వోదాం."

"ఒక్కటే అమ్మా, ఇంకొక్కటే."

ఐదోసారి బాగా వస్తోంది. తీగ మెరుస్తోంది, అక్క నడక కుదిరింది, ఎవరూ అడ్డం లేరు. ముప్పై మూడో సెకనులో ఫోను మోగింది. వీడియో ఆగిపోయింది. డ్యూటీ మధ్యలో తినడానికి ఇంటికొచ్చిన ప్రేమ్‌రాజ్.

"చారు గిన్నె మూత ఏడ వెట్టినవ్?"

 ఆ మూత దొరికితే అతని నెత్తిన పెట్టాలనిపించింది.

"పొయ్యి పక్కకే ఉన్నది. కండ్లు వెట్టి సూడు," అని పెట్టేశాను.

తన్మయి ఫోను నా చేతిలోంచి లాక్కుంది. "ఫ్లైట్ మోడ్ పెడ్తున్న. ఇగ బావ గాదు, ఎవ్వలు జేసినా రాదు." తెర మీద పైన మూలకు చిన్న విమానం బొమ్మ వచ్చింది. నేను చూశాను. చూశానని ఎందుకు చెబుతున్నానంటే, తెలియలేదని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

"మున్నీని ఏం జేద్దాం?" అంది అక్క. "నా కాళ్ళల్ల వడ్తే నేను వడ్త."

మూసి ఉన్న ఒక దుకాణం మెట్టు మీద మున్నీని కూర్చోబెట్టాం. అక్క నడక మొదలుపెట్టేచోటుకు పక్కనే. నేను వెనక్కి నడుస్తుంటే పడిపోకుండా తన్మయి నా నడుం పట్టుకోవాలి, అందుకే తను కూడా దాని దగ్గర ఉండలేదు. తన్మయి వంగి మున్నీ బుగ్గ గిల్లింది. "నలభై దాక లెక్కవెట్టు. నలభై అయ్యేసరికి మీ అమ్మ నీ ముందట ఉంటది. సరేనా?"

మున్నీ తలూపింది. నేనూ సరే అన్నాను.

ఆరోసారి తీసింది అన్నిటికన్నా బాగా వచ్చింది. నలభై రెండు సెకన్లు. ఆటో లేదు, చేతులు లేవు, గడ్డం ఒక్కసారి కూడా గీత దాటి కిందికి రాలేదు. తీస్తున్నంతసేపూ నేను ఆ గడ్డాన్నే చూశాను. అయిపోగానే ముగ్గురం అక్కడే నిలబడి తలలు దగ్గర పెట్టి మళ్ళీ చూసుకున్నాం. తన్మయి అరిచింది, "మస్తొచ్చింది అక్కా! మస్తు!" అక్క చేతి మీద తీగ దగ్గర ఆపి, పెద్దది చేసి చూసింది. రెండు నిమిషాలో, మూడు నిమిషాలో.

వెనక్కి వెళ్ళేసరికి మెట్టు ఖాళీగా ఉంది.

ఇక్కడి నుంచి నాకు వరసగా గుర్తులేదు. మున్నీ అని అరిచాను. ఆ బజార్లో మున్నీ అని పిలిస్తే నలుగురు ఆడపిల్లలు తిరిగి చూస్తారు, ఒక్కరూ నా పిల్ల కాదు. అక్క గాజుల బజారు వైపు పరిగెత్తింది. తన్మయి కాళీ కమాను వైపు పోయింది. నేను ఎదురొచ్చిన ప్రతి మనిషికీ ఫోను చూపించాను. గడప దగ్గర పచ్చ గౌనులో నిలబడ్డ నా బిడ్డ ఫోటో.

"ఈ పాపను చూసిండ్రా? ఎర్ర రబ్బరుంటది జుట్టుకు. చూసిండ్రా?"

కొందరు ఆగారు. ఒకామె బురఖా పైకెత్తి ఫోటోను చాలాసేపు చూసి, "నై బేటీ," అని నా తల నిమిరింది. ముత్యాల దుకాణం ఆయన, ఇందాక చేతులూపినాయనే, గల్లా వదిలి దిగి వచ్చి తన గుమాస్తాను ఒక వైపు, కొడుకును ఒక వైపు పంపాడు. ప్రేమ్‌రాజ్‌కు ఫోను చేయాలని రెండుసార్లు అనుకుని చేయలేదు. ఏమని చెప్పాలి? మూత దొరికిందా, పిల్ల పోయింది అనా?

యాభై మందికి చూపించి ఉంటాను ఆ ఫోను. పైన మూలకు విమానం బొమ్మ అలాగే ఉంది. యాభై మంది చూశారు, నేనూ చూశాను.

చార్మినార్ దగ్గర ఉన్న ఒక లేడీ కానిస్టేబుల్ దగ్గరికి చేరేసరికి నా చెప్పు ఒకటి లేదు. ఆమె మున్నీ పేరు, వయసు, గౌను రంగు రాసుకుంది.

"చేతి మీద నా నంబర్ రాసిన మేడం," అన్నాను. "చదువొచ్చినోళ్ళు ఎవరన్నా చూస్తే చేస్తరు."

"మంచి పని జేసినవ్. చెప్పు నంబర్, ఒకసారి రింగిస్త." నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం మారింది. "ఏంది, స్విచ్ఛాఫ్ అని వస్తున్నది?"

"లేదు మేడం, నా చేతిలనే ఉన్నది."

ఆమె నా చేతిలోంచి ఫోను తీసుకుని చూసింది. వేలితో ఒకచోట నొక్కి నాకు తిరిగిచ్చింది.

ఫోను నా చేతిలో కొట్టుకుంది. ఒకటి, ఇంకొకటి, మళ్ళీ. మీకు ఈ నంబర్ నుంచి ఫోను వచ్చింది, మీకు ఈ నంబర్ నుంచి ఫోను వచ్చింది. పద్నాలుగు. ఐదు రకాల నంబర్లు. తన్మయివి మూడు. మిగతావి ఎవరివో తెలియదు. మొదటిది పదకొండు గంటల నాలుగు నిమిషాలకు వచ్చింది. ఇప్పుడు పన్నెండు దాటింది.

అన్నిటికన్నా కింద ఉన్న నంబరుకు చేశాను. ఎవరో మగమనిషి.

"అరే అమ్మా, ఏం మనిషివి నువ్వు? పిల్ల చేతి మీద నంబర్ రాసి ఫోన్ బంద్ వెడ్తవా? నేను నాలుగుసార్లు చేసిన!"

"అన్నా, పాప ఏడున్నది? పాప ఏడున్నది అన్నా?"

"ఫికర్ జెయ్యకు, మంచిగున్నది. పత్తర్‌గట్టిల నాడాలమ్మే ముసలమ్మ దగ్గర కూసున్నది. నేను ఆడికెళ్ళి వచ్చేసిన, నాకు ఆఫీసున్నది. జల్ది వో."

ఒక కాలికి చెప్పుతో పరిగెత్తాను. మచిలీ కమాను దాటి పత్తర్‌గట్టిలో, రాతి వరండా కింద, స్తంభానికి ఆనుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ముందు గోనెపట్టా. దాని మీద లంగాల నాడాలు, పిన్నీసులు, సూదులు. పక్కన మున్నీ. నాడాలన్నిటినీ రంగు ప్రకారం వేరు చేసి కట్టలు కడుతోంది. ఏడవడం లేదు. ఏడ్చినట్టు బుగ్గ మీద చారలున్నాయి అంతే.

నేను దాన్ని ఎత్తుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను.

"ఎందుకు లేచినవే? ఎందుకు లేచినవ్? కూసోమన్న గదా!"

"ఇరవై అయిపోయింది," అంది మున్నీ. "ఇరవై అయిపోయింది, నువ్వు రాలె. నేను నీకోసం వచ్చిన."

మున్నీకి ఇరవై వరకే వచ్చు. తన్మయికి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. ఆ ఇరవై నేర్పిందే నేను.

ముసలావిడ నన్ను పైకీ కిందికీ చూసింది.

"నువ్వేనా తల్లివి? నంబర్ రాసే తెలివి ఉన్నదాయె, ఫోన్ తెరిచి పెట్టే తెలివి లేదా? పోయేటోన్నల్లా ఆపి చేయించిన. ఒకడు బంద్ అంటడు, ఒకడు నెట్ లేదంటడు. పోలీసోళ్ళ కాడ ఇడిసిపెట్టమ్మా అన్నడొకడు. ఎట్ల ఇడుస్త? పిల్ల నా కొంగు ఇడుస్తలేదు. నేను లేస్తే అదీ లేస్తది."

"తప్పయింది అవ్వా. వీడియో తీస్తుంటిమి..."

"వీడియో!" అంది. ఆ ఒక్క మాటే. 

అప్పుడు చూశాను ఆమె కుడి కాలు. పాదం నిండా గుడ్డ చుట్టి ఉంది, బొటనవేలి దగ్గర పసుపు మరక. పక్కన ప్లాస్టిక్ సంచిలో ఆస్పత్రి చీటీ బయటికి కనబడుతోంది.

"కాలుకేమైంది అవ్వా?"

"షుగరు. వేలు నల్లగయింది. తీసెయ్యాల్నో ఉంచాల్నో ఇయ్యాల చూస్తమన్నరు. పోదామని మూట గడ్తున్న, నీ బిడ్డ వచ్చి కొంగు వట్టింది."

"ఇప్పుడు వోదాం, నేను ఆటో పిలుస్త."

"పన్నెండు కొట్టింది బిడ్డా. చీటీలు బంద్ జేసిండ్రు. రేపు ఐతారం. ఇగ సోమారమే." ఆమె నాడాల కట్టల్ని సర్దుకుంటూ మున్నీని చూసి నవ్వింది. "నీ అమ్మకన్న నువ్వే నయం. పని నేర్చినవ్."

పేరు అడిగాను. నాగమణమ్మ అంది. సోమవారం పొద్దున్నే వస్తాను, నేనే ఆస్పత్రికి తీసుకెళ్తాను అన్నాను. మున్నీ తల మీద చెయ్యేసి చెప్పాను. ఇల్లెక్కడ అని అడగలేదు. ఫోను లేదంది. మున్నీ నా భుజం మీద ఉంది, నాకు ఇంకేమీ తోచలేదు, ఇంటికి వచ్చేశాను.

ఇంట్లో లొల్లి సంగతి రాయను. ప్రేమ్‌రాజ్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నది ఒక్కటే, "వీడియోలు బంద్. చార్మినార్ బంద్." ఆదివారం సాయంత్రం మున్నీకి జ్వరం వచ్చింది. సోమవారం అంతా తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. ఎనిమిదింటికి, తొమ్మిదింటికి, పదింటికి గడియారం చూశాను. నాగమణమ్మ మూట కట్టుకుని నా కోసం చూస్తోందేమో అనుకున్నాను. పద్మజక్కను పొమ్మని అడిగాను. "ఇయ్యాల మామ ఇంట్లనే ఉన్నడు, ఏమని చెప్పి వోవాలె?" అంది. తన్మయికి పరీక్ష. మంగళవారం మున్నీని అత్త దగ్గర పెట్టి పరిగెత్తాను.

స్తంభం దగ్గర గోనెపట్టా లేదు. ఎవరిదో బండి నిలబెట్టి ఉంది.

పక్కన అత్తరు దుకాణం ఆయన, "నాడా అమ్మానా? సోమవారం పొద్దుగాల కూసున్నది. మధ్యాహ్నం సంది లేదు," అన్నాడు. అంటే సోమవారం వచ్చింది. కూర్చుంది. చూసింది. ఎదురు వరండాలో టోపీలమ్మే ఆయన, "ఊరికి పోయిందేమో," అన్నాడు. ఏ ఊరో తెలియదు. ఇల్లు ఉప్పుగూడ అని ఒకరన్నారు, తలాబ్‌కట్ట అని ఒకరన్నారు. దగ్గరున్న సర్కారు ఆస్పత్రికి వెళ్ళి అడిగాను. వట్టి పేరు చెబితే ఎట్లా వెతకాలి, ఇంటిపేరేమిటి, ఏ రోజు చేరింది అన్నారు. నా దగ్గర ఏమీ లేదు.

తర్వాత నాలుగుసార్లు వెళ్ళాను. మూడుసార్లు ప్రేమ్‌రాజ్‌కు చెప్పకుండా.

ఒక రోజు మధ్యాహ్నం మున్నీ పడుకున్నాక ఆ నలభై రెండు సెకన్ల వీడియో పెట్టుకుని చూశాను. ఈసారి గడ్డం చూడలేదు. అక్క నడుం పక్కన, వెనక, మెట్టు మీద మున్నీ ఉంది. వేళ్ళు ముడుస్తూ లెక్కపెడుతోంది. ఇరవై ఆరో సెకనులో వేళ్ళు ఆపింది. మా వైపు చూసింది. లేచింది. ఎడమ వైపుకు నడిచి అంచులోంచి బయటికి పోయింది. అదంతా నేనే తీశాను, చెయ్యి వణకకుండా.

తన్మయి అడుగుతూనే ఉంది. "ఎడిట్ల కోసేస్త అక్కా, పాప కనవడదు. గంత మంచిగొచ్చింది, పెడ్దాం." పెట్టవద్దన్నాను. అక్క నా మీద అలిగింది, పదకొండు రోజుల పని అంటుంది. నిజమే. ఆమె చేతులు కూడా నొచ్చాయి. కానీ పెట్టలేను.

నన్ను కాల్చుకుతినేది ఇంకొకటుంది. ఆ రోజు మేము మూడు ఫోన్లలో కలిపి నూటికి పైగా ఫోటోలు తీశాం. గుల్జార్ హౌజ్ పావురాలున్నాయి, గాజులున్నాయి, బండి మీద తొంగిచూసిన ఇద్దరున్నారు. ముత్యాల దుకాణం ఆయన చేతులున్నాయి. నాగమణమ్మ ఒక్కదాంట్లోనూ లేదు. మున్నీ పోయినప్పుడు యాభై మందికి చూపించడానికి నా దగ్గర ఫోటో ఉంది. ఈమె కోసం చూపించడానికి ఏమీ లేదు, మాటలు తప్ప.

మున్నీ ఇప్పుడు యాభై దాకా చెబుతుంది. ముప్పై తొమ్మిది దగ్గర ఒక్కోసారి తడబడుతుంది. నాడాలవ్వ దగ్గరికి ఎప్పుడు పోదామని అడుగుతుంది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఎప్పుడైనా చార్మినార్ నుంచి మదీనా వైపు వస్తుంటే, మచిలీ కమాను దాటాక ఎడమ చేతి వైపు రాతి వరండా ఉంటుంది. అత్తరు దుకాణం పక్క స్తంభం దగ్గర ఆగండి. సన్నగా ఉంటుంది, డెబ్బై ఏళ్ళుండవచ్చు, ముక్కుకు రెండు వైపులా ముక్కుపుల్లలు, చేతి మీద పచ్చబొట్టు చుక్కలు. ముందర నాడాలు, పిన్నీసులు. ఆమె ఉంటే, కాలు ఎట్లా ఉందో అడగండి. వేలు ఉంచారా తీసేశారా అడగండి. లేకపోతే, దయచేసి పక్కవాళ్ళను గట్టిగా అడగండి, నాలాగా ఒక మాటకు వెనక్కి తిరిగి రాకండి. మున్నీ వాళ్ళమ్మ అడగమంది అని చెప్పండి, సోమవారం రానిది.